వియత్నాం నుండి ఏమి తెచ్చారు?



దూర ప్రయాణము చేసి వచ్చినవారిని మన పల్లెల్లో మొదట అడిగే మాట "క్షేమంగా వచ్చారా?" అని. రెండవది "మాకేమి తెచ్చారు?" అని. ఈ రెండవ మాటకు భయపడి, చేబదులు తీసుకొని పెట్టెలు నింపుకొని వచ్చినవారిని మేము ఎరుగుదుము. ఇప్పుడు మనవారు కొందరు పిల్లల సహాయముతో వియత్నాం కూడా చూచి వస్తున్నారు. మేమిద్దరమూ 2024 లో వెళ్లివచ్చాము. అక్కడ కొన్నవాటిలో ఒకటి మాకు సిగ్గు తెచ్చింది. ఒకటి పెద్ద పొరపాటు కాబోయి తప్పిపోయింది. కొన్ని మాత్రము నిజమైన సంతోషమునిచ్చాయి. వెళ్లబోయేవారికి ఉపయోగపడునని ఆ సంగతులు వ్రాస్తున్నాము.

మొదట సిగ్గుపడిన సంగతి. హో చి మిన్ నగరములో (పాత పేరు సైగాన్) బెన్ థాన్ అనే పెద్ద బజారు ఉన్నది. ఇప్పుడున్న కట్టడము 1914 లో తెరిచారు. అక్కడ జీడిపప్పు రాశులు చూచి రెండు కిలోలు కొన్నాము. ఒక కిలో పలాసలోని మా చిన్నమ్మకు ఇచ్చాము. ఆమె పొట్లము అటూ ఇటూ తిప్పి, "ఏటిరా నాయనా, ముప్పై ఏళ్ల నుంచి నాను ఒలుస్తున్నది ఇదే కదా!" అని నవ్వింది. జీడి రసానికి నల్లబడిన ఆమె వేళ్లు చూచి మేము తల వంచుకున్నాము. జీడిపప్పు ఎగుమతిలో వియత్నాం పెద్ద దేశమే. అయితే అక్కడ ఒలిచే గింజలో చాలా భాగము ఆఫ్రికా నుండి, కంబోడియా నుండి వచ్చినదే. మన ఇంటి దగ్గర దొరికేదానిని సముద్రము దాటించి మోసుకొని వచ్చాము.

రెండవది తప్పిపోయిన పొరపాటు. ఉత్తర వియత్నాంలో హై జువాంగ్ అనే ఊరు పెసరపిండి మిఠాయికి పేరు పొందినది. దానిని 'బాన్ దౌ సాన్' అంటారు. పెసరపిండి, పంచదార, కొవ్వు కలిపి చిన్న బిళ్లలుగా అచ్చు వేస్తారు. చక్కెర లేని తేనీటితో తింటారు. నోట్లో వేసుకుంటే మన సున్నుండ వలె కరిగిపోతుంది. హానోయ్‌లో ఒక దుకాణములో మా వీధి అందరికీ అని పన్నెండు పెట్టెలు తీశాము. ఎవరికి ఇస్తారని దుకాణపు తల్లి అడిగింది. చెప్పాము. అప్పుడామె ఒక పెట్టె వెనుక అక్షరములు వేలుతో చూపింది. అందులో ఉన్నది పంది కొవ్వు!

మా ప్రక్క ఇంటివారు ముస్లిములు. రంజానుకు మాకు సేమ్యా పంపే కుటుంబము. ఎదురింటి మాస్టారు గ్రుడ్డు కూడా ముట్టరు. వారు తిన్న తరువాత ఈ సంగతి తెలిసి ఉంటే వారి ముఖము ఎలా చూడగలము? ఎన్నో ఏళ్ల స్నేహము ఒక మిఠాయి బిళ్లతో చెడిపోయేది. కాబట్టి ఆ మిఠాయి కొనేవారు తప్పక అడగండి. 'మో లొన్' అన్నా, 'మో హేవ్' అన్నా పంది కొవ్వు. నూనెతో చేసినవి కూడా దొరుకుతాయి. శాకాహారమును వారి భాషలో 'చాయ్' అంటారు. మన తేనీరు అనుకొనేరు!

ఇక సంతోషమునిచ్చినవి. మెకాంగ్ నది పాయల మధ్య బెన్ ట్రే అనే కొబ్బరితోటల సీమ ఉన్నది, అచ్చము మన కోనసీమే. అక్కడ కొబ్బరిపాలు, మొలకెత్తిన ధాన్యపు పాకము, పంచదార కలిపి ఉడికించి బిళ్లలు చేస్తారు. లోపల చుట్టిన పలుచని పొర బియ్యపు పిండితో చేసినదే, తినవచ్చు. అమలాపురంలోని మా బంధువుల పిల్లలు ఆ పొర ఒలిచి పారవేయబోతే ఆపవలసి వచ్చింది. పెద్దవాళ్లు మాత్రము, "మన కొబ్బరితో మనమూ చేయవచ్చు కదా" అని చాలాసేపు మాట్లాడుకున్నారు.

బియ్యపు రేకులు మరొకటి. మరుగుతున్న నీటి కుండ మీద గుడ్డ బిగించి, దానిపై బియ్యపు పిండి పలుచగా పరచి, ఆవిరికి ఉడికిన రేకును ఎత్తి వెదురు తడకల మీద ఎండబెడతారు. 2023 లో భౌగోళిక గుర్తింపు పొందిన మన ఆత్రేయపురం పూతరేకు బోర్లించిన కుండ మీద, వారి రేకు ఆవిరి మీద. బరువు లేదు, త్వరగా పాడవదు. అలాగే కాఫీ గింజను ఫ్రెంచివారు 1857 లో అక్కడికి తెచ్చారు. నేడు కాఫీ పంటలో బ్రెజిల్ తరువాత వియత్నామే. కప్పు మీద పెట్టే చిన్న రేకు వడపోత గిన్నెను 'ఫిన్' అంటారు. వెల తక్కువ, ఏళ్ల తరబడి ఉంటుంది.

కొన్ని హెచ్చరికలు. పాముతో నింపిన సారా సీసాలు, తాబేటి చిప్ప వస్తువులు కొనవద్దు. వన్యప్రాణి చట్టముల వలన చిక్కులు వస్తాయి. విత్తనములు, మొక్కలు అనుమతి పత్రము లేకుండా తేరాదు. చేపల ద్రవము సీసాను విమానములో చేతి సంచిలో పెట్టవద్దు. 2024 లో రూపాయికి సుమారు 300 డాంగులు వచ్చేవి. 20,000 నోటు, 500,000 నోటు రెండూ నీలి రంగువే. ఇచ్చే ముందు సున్నాలు లెక్కించండి. బజారులో బేరము మామూలే. కాని గంప పెట్టుకొని కూర్చున్న ముసలమ్మ దగ్గర పదివేల డాంగుల కొరకు వాదించకండి. అది మన ముప్పై పైచిలుకు రూపాయలే.

బయలుదేరక ముందే ఒక కాగితము మీద పేర్లు వ్రాసుకోండి. ప్రతి పేరు ప్రక్కన వారు ఏమి తింటారో, ఏమి తినరో, చక్కెర వ్యాధి ఉన్నదో లేదో వ్రాయండి. క్రింద మొత్తము వేయండి. ఆ మొత్తము దాటవద్దు. అప్పు చేసి తెచ్చిన మిఠాయి తిన్నవారికి తీపి, తీర్చేవారికి చేదు.

మొన్న పలాస వెళ్లినప్పుడు చిన్నమ్మకు కొబ్బరి బిళ్లలు ఇచ్చాము. ఒకటి నోట్లో వేసుకొని, "బాగుందిరా. అక్కడ జీడి ఒలిచేవోళ్లకి రోజుకెంత ఇస్తారు?" అని అడిగింది. మేము జవాబు చెప్పలేకపోయాము. ధర అడిగాము, బేరము చేశాము, ఆ మాట మాత్రము అడగలేదు. మీరు వెళ్లినప్పుడు అడిగి రండి. చిన్నమ్మ వంటివారికి ఆ కబురు కూడా ఒక బహుమానమే.