మూత బిగించే ముందు

మెల్‌బోర్న్ నుంచి మా మేనల్లుడు ఫోన్. "మామా, అలమారాలో బీరు సీసాలు రెండు పేలిపొయ్యాయి! పాప పక్కనే ఆడుకుంటా ఉండింది." అక్కడ కిట్ కొని ఇంట్లోనే బీరు చేసుకోవచ్చు. ఇక్కడైతే లైసెన్సు లేకుంటే నేరం.

మైపాడు దగ్గర తాటికల్లు గీసిన మా నాయన కుండ మూతి ఏనాడూ బిగించలేదు. పొద్దున తీపి, సాయంత్రానికి పులుపు. పొంగేదానికి గాలాడాల అనేవాడు. పులవకూడదంటే కుండలో సున్నం పూసేవాడు.

బీరూ అంతే. పులవడం పూర్తికాకముందే సీసాకెక్కిస్తే గ్యాసుకు దారుండదు. హైడ్రోమీటరు రీడింగు 3 రోజులు మారకపోతేనే నింపాలి. చక్కెర కొలిచే వెయ్యాలి. 20 డిగ్రీల దరిదాపుల్లో 2 వారాలు, ఆపైన ఫ్రిజ్జు.

"మిగతా సీసాలు మామా?"

"ఉత్త చేతులతో ముట్టుకోబాక. ముందు పాపను ఆ గదిలోనుంచి పంపించు. తొందరపడింది నువ్వురా, బీరు కాదు."