చెఫ్‌లూ, వంటమనుషులూ

ఇంటిచాకిరీకి రోజులో ఎన్ని గంటలు పోతున్నాయో ఆడవాళ్ళ నోటనే విని రాసుకుందామని సోమందేపల్లె వెళ్ళాం. పొదుపు సంఘం మహిళలు ఓ పదిహేను మంది కూర్చున్నారు. వంట దగ్గరికి వచ్చేసరికి లెక్కలు ఆగిపోయి, మాటలు టీవీ వంటల మీదికి మళ్ళాయి.

"టీవీలో ఆయప్ప ఎర్రగడ్డ తరుగుతాంటే అందురూ చప్పట్లు కొడతారు. మేం పొద్దన్నే లేసి తరుగుతాంటే ఎవురు చూస్తారు మేడమ్?" అందొకామె. అందరూ నవ్వారు. పక్కనామె మాత్రం ఒప్పుకోలేదు. "నగాకండి. ఆయప్పను చూసే మా పిల్లోడు కోడిగుడ్డు పొరటు చేసేది నేర్చుకున్న్యాడు. వాళ్ళ నాయన ఇన్నేండ్లలో పొయ్యి దగ్గరికే రాల్యా" అంది. బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆమె అంతసేపూ వింటూ కూర్చుని, చివర్లో ఒక్కటే అడిగింది: "వంట సరే. నీళ్ళు యాడ్నుంచి వచ్చేది ఎప్పుడన్నా చూపిచ్చినారా?"

మా సంపాదకవర్గంలో కూడా ఈ విషయం మీద ఏకాభిప్రాయం లేదు. "వంటను మగవాళ్ళు కూడా చేయదగిన పనిగా మార్చిన ఘనత టీవీదే, దాన్ని తీసిపారేయకండి" అని కొందరన్నారు. "మన అమ్మమ్మల చేతిలోని విద్యను మగవాళ్ళు ఎత్తుకుపోయి హోటళ్ళు పెట్టుకున్నారు" అని మరికొందరన్నారు. విమల 'వంటిల్లు' కవిత చదివి ఆలోచించడం మొదలుపెట్టిన మా వంటి వాళ్ళకు, వంటింటిని ఇంత రంగురంగులుగా చూపించడమే మింగుడు పడదు. ముగ్గురి మాటలోనూ నిజం ఉంది. అయితే ఆ మూడూ కలిసినా సోమందేపల్లెలో అడిగిన ప్రశ్నకు జవాబు రాదు.

టీవీ రాకముందు తెలుగువాళ్ళకు వంటల్లో పేరు పొందినవారు లేకపోలేదు. మాలతీ చందూర్ 'వంటలు - పిండివంటలు' ఎన్ని ముద్రణలు పొందిందో, ఎంతమంది కొత్త పెళ్ళికూతుళ్ళ పెట్టెల్లో అత్తవారింటికి వెళ్ళిందో మన తరానికి తెలుసు. ఆ పుస్తకం ఇంట్లో వండే స్త్రీ కోసం రాసింది. ఆ శ్రమను అది ప్రశ్నించలేదు, కానీ వండే మనిషిని ఎదురుగా పెట్టుకుని మాట్లాడింది. 1993లో జీ టీవీలో 'ఖానా ఖజానా'తో సంజీవ్ కపూర్ వచ్చాక బొమ్మ మారింది. తెల్లకోటు, హోటల్ మేనేజ్‌మెంట్ చదువు, తర్వాత తన పేరుతో రెస్టారెంట్లు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. తెలుగులో సంజయ్ తుమ్మ 'వారెవా' అంటూ ఇంటర్నెట్టు ద్వారా దేశదేశాల తెలుగువాళ్ళకు వంట నేర్పారు. చలపతిరావు హైదరాబాదులో దక్షిణాది వంటలకు రెస్టారెంటు పెట్టి పేరు తెచ్చుకున్నారు. 2021లో జెమినీ టీవీలో 'మాస్టర్ చెఫ్' తెలుగులో మొదలైనప్పుడు న్యాయనిర్ణేతలు ముగ్గురూ మగవాళ్ళే. పోటీదారుల్లో ఆడవాళ్ళు ఉన్నారు. వండి తెచ్చేవాళ్ళలో ఆడవాళ్ళు, రుచి చూసి తీర్పు చెప్పేవాళ్ళు మగవాళ్ళు. ఈ ఏర్పాటు మన ఇళ్ళలో తరతరాలుగా చూస్తున్నదే! (2023లో సోనీ లివ్‌లో వచ్చిన తెలుగు 'మాస్టర్ చెఫ్'లో నికితా ఉమేష్ న్యాయనిర్ణేతగా కూర్చున్నారని కూడా చెప్పాలి.)

ఈ చెఫ్‌ల నైపుణ్యాన్ని మేం తక్కువ చేయడం లేదు. పెద్ద హోటలు వంటగదిలో నిప్పుల దగ్గర పన్నెండేసి గంటలు నిలబడి పైకి వచ్చినవాళ్ళు వీరిలో ఉన్నారు. మా అభ్యంతరం వ్యక్తుల మీద కాదు. వంట ఇంట్లో ఉన్నంతకాలం అది ప్రేమ, కర్తవ్యం, 'ఆడదాని చెయ్యి'. జీతం, మైకు, కెమెరా వచ్చేసరికి అది కళ, శాస్త్రం, వృత్తి. ఈ రెండు అంతస్తుల మధ్య మెట్లు ఆడవాళ్ళకు ఎందుకు దొరకవు? కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే స్త్రీలు దానిమీద రోజుకు సగటున 289 నిమిషాలు గడుపుతుంటే, చేసే పురుషులు 88 నిమిషాలు గడుపుతున్నారు. అంతకు ముందు 2019 సర్వేలో ఇవి 299, 97. మూడు దశాబ్దాలుగా మగవాళ్ళు టీవీలో వండుతూనే ఉన్నారు. ఇంట్లో వాళ్ళ నిమిషాలు పెరగలేదు సరికదా, ఈ ఐదేళ్ళలో తగ్గాయి. గుడ్డు పొరటు నేర్చిన ఆ పిల్లవాడి మీద మాకు ఆశ ఉంది. కానీ ఒక్క పిల్లవాడితో లెక్క మారదు.

ఆడవాళ్ళకు కూడా కీర్తి వచ్చింది కదా అంటారు. నిజమే, వచ్చింది. గుంటూరు జిల్లా మస్తానమ్మ నూరేళ్ళు దాటిన వయసులో పొలం గట్టున రాళ్ళ పొయ్యి పెట్టి వండుతుంటే లక్షలమంది చూశారు. 2018 డిసెంబరులో ఆమె చనిపోతే విదేశీ పత్రికలు కూడా రాశాయి. ఆమెను చూడటం మాకూ ఇష్టమే. అయితే పిలుపులు గమనించండి. మగవాడైతే చెఫ్. ఆడమనిషైతే బామ్మ, అవ్వ, ఆంటీ. వరస కలిపి పిలవడంలో ఆప్యాయత ఉంది. కానీ చుట్టరికం ఉన్నచోట కూలి అడగడం కష్టమని మనకు తెలియనిది కాదు.

హైదరాబాదు మాదాపూర్లో రోడ్డు పక్కన భోజనం అమ్మే 'కుమారి ఆంటీ' సంగతి చూడండి. ఏళ్ళ తరబడి వండి అమ్ముకుంటున్నామె. వీడియోలతో ఒక్కసారిగా పేరొచ్చింది, జనం ఎగబడ్డారు, ట్రాఫిక్ ఆగింది. 2024 జనవరి నెలాఖరులో పోలీసులు బండి తీయించారు. మరునాడే ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి జోక్యం చేసుకుని, ఆమెను అక్కడే అమ్ముకోనివ్వమన్నారు. అందరూ సంతోషించారు, మేమూ సంతోషించాం. కానీ వీధి వ్యాపారుల జీవనోపాధి రక్షణకు 2014లోనే పార్లమెంటు చట్టం చేసింది. సర్వే పూర్తి చేసి, అందరికీ విక్రయ ధ్రువపత్రం ఇచ్చే దాకా ఎవరినీ లేపకూడదని ఆ చట్టం చెబుతోంది. పట్టణ విక్రయ కమిటీలో వీధి వ్యాపారుల ప్రతినిధులు ఉండాలని, వారిలో మూడోవంతు స్త్రీలు ఉండాలని కూడా చెబుతోంది. ఆ చట్టం పనిచేస్తే ఏ ఆంటీకీ ముఖ్యమంత్రి దయ అక్కర్లేదు. పేరు వచ్చినందుకే ఆమె బండి పోయింది, ఆ పేరు ఉన్నందుకే తిరిగి వచ్చింది. పేరు లేని ఇడ్లీ బండి ఆమెను లేపితే ఎవరికి ఫోను చేయాలి?

మళ్ళీ సోమందేపల్లెకు వస్తాం. హైదరాబాదు - బెంగుళూరు జాతీయ రహదారి మీది ఊరు. ఇప్పుడు ఈ దారి పొడుగునా హోటళ్ళు 'రాగిసంగటి - నాటుకోడి' అని బోర్డులు పెడుతున్నాయి. ఒకప్పుడు సంగటి తింటామని చెప్పుకోవడానికి సిగ్గుపడ్డ ఇళ్ళు ఈ కరువు సీమలో ఎన్నో. 1983 నుంచి రెండు రూపాయల బియ్యం వచ్చింది, మెట్టపొలాలను చెనిక్కాయ ఆక్రమించింది, రాగులు వెనకబడ్డాయి. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపాక అవే రాగులు నగరం రెస్టారెంట్లలో గౌరవనీయమైన ఆహారమయ్యాయి. టీవీలో సంగటి ముద్ద చేసి చూపే చెఫ్‌కు పిండి డబ్బాలో సిద్ధంగా ఉంటుంది. రాళ్ళు ఏరి, విసిరి, నీళ్ళు మోసి, పొగలో కూర్చుని, ఉడుకుతున్న కుండలో కట్టెతో బలంగా ఎనిపిన భుజాల నొప్పి ఆ వంటకం కథలో ఎక్కడా లేదు.

అదే 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లలకు రాగిజావ ఇవ్వడం మొదలుపెట్టింది. మంచి పని. జావ కాచింది ఎవరు? మధ్యాహ్న భోజనం వండే ఆడవాళ్ళే. బళ్ళలో వండిన అన్నం పెట్టాలని 2001 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. మన రాష్ట్రంలో 2003లో అమలు మొదలైంది. వంట పనిలో దళితులకు, ఆదివాసీలకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004లో కోర్టు చెప్పడం వెనుక, ఎవరి చేతి కూడు ఎవరు తినాలి అన్న కులం కట్టుబాటును బడిలోనైనా విరగ్గొట్టాలన్న ఆలోచన ఉంది. ఏ టీవీ వంటల కార్యక్రమమూ చేయలేని పని అది.

ఆ పనికి దక్కేది జీతం కాదు, 'గౌరవ వేతనం'. 2009లో కేంద్రం నెలకు 1000 రూపాయలని, అదీ ఏడాదిలో పది నెలలకేనని నిర్ణయించింది. మన రాష్ట్రం 2019లో దాన్ని 3000 చేసింది. ఏ కూలిరేటుతో పోల్చినా నెల పనికి ఇది కూలి కాదు. కార్మికులుగా గుర్తిస్తే కనీస వేతనం ఇవ్వాలి, పి.ఎఫ్. కట్టాలి, కాన్పు సెలవు ఇవ్వాలి. 'గౌరవం' అంటే ఇవేవీ అక్కర్లేదు. 2024లో ఈ పథకానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. లంకల గన్నవరంలో ఆకలితో వచ్చిన వాళ్ళకు జీవితాంతం అన్నం పెట్టిన ఆ తల్లి మీద మాకు గౌరవం ఉంది. కానీ ఆమె తన ఇంట్లో, తన ఇష్టంతో పెట్టింది. బడి వంటమనిషి పెడుతున్నది ప్రభుత్వం తరఫున. ఆమెను కూడా అన్నపూర్ణను చేసి దండం పెడితే కూలి బాకీ తీరదు.

కాబట్టి చెఫ్‌ల పేరుప్రతిష్ఠల మీద కోపం పెట్టుకోవడం కంటే, బడి వంట చేసేవారిని కార్మికులుగా గుర్తించాలన్న వారి సంఘాల డిమాండు వెనుక మహిళా సంఘాలన్నీ నిలబడటం ముఖ్యమని మేం భావిస్తున్నాం. వంటషెడ్డు, గ్యాసు, దానితోపాటు కుళాయి. సోమందేపల్లెలో ఆమె అడిగిన నీళ్ళ సంగతి ఆ డిమాండ్లలో మొదటి వరుసలో ఉండాలి.

బడుల్లో, హాస్టళ్ళలో, హోటళ్ళ వెనుక గదుల్లో వండే స్త్రీల అనుభవాలను వచ్చే సంచికకు సేకరిస్తున్నాం. ఎన్ని గంటల పని, ఎంత కూలి, నీళ్ళు ఎంత దూరం, చేతులు కాలితే మందుల ఖర్చు ఎవరిది - ఇవన్నీ రాసి పంపండి. రాయడం రానివారి మాటలను పక్కనున్నవారు రాయండి, వారి యాసలోనే. దిద్దకండి.