సేవకూ కోచింగేనా?



గత ఆదివారం మీ పత్రిక అనుబంధంలో సత్యసాయి విద్యాసంస్థలో సీటుకు తొమ్మిదో తరగతి నుంచే ఎలా సిద్ధం కావాలో చెప్పిన వ్యాసం చదివి ఒళ్లు మండింది. సేవా సర్టిఫికెట్లు పోగెయ్యాలట. భజనలో కూర్చున్న ఫోటోలు దాచుకోవాలట. ఇంటర్వ్యూలో వినయంగా కనిపించడం అద్దం ముందు సాధన చెయ్యాలట. అద్దం ముందు వచ్చేదాన్ని మా కాలంలో వినయం అనేవాళ్లు కాదు, వేషం అనేవాళ్లు.

ఈ సలహా ఎక్కడ తేలుతుందో మా ఇంట్లోనే చూశాను. మా మనవరాలు పదకొండో క్లాసు. ఆ సంస్థ అనంతపురం క్యాంపస్‌లో చేరాలని దాని ఆశ. ఆడపిల్లల క్యాంపస్ అనంతపురంలో ఉందన్న ముక్కే మీ వ్యాసంలో లేదు. మహిళా కళాశాల 1968లో అక్కడే మొదలైంది, తెలియకపోతే రాసుకోండి. సరే, మా ఊరు జంషెడ్‌పూర్‌లో ఒకాయన ఇలాంటి ఇంటర్వ్యూలకు ట్రైనింగ్ ఇస్తానని బోర్డు కట్టాడు. మా అబ్బాయి నన్ను అడక్కుండానే ఫీజు కట్టొచ్చాడు. అక్కడి పిల్లలంతా ఒకే వాక్యం, ఒకే రాగంలో అప్పజెబుతారు: 'మై ఎయిమ్ ఈజ్ సెల్ఫ్‌లెస్ సర్వీస్.' శ్రీరామనవమికి వాళ్లను బిష్టుపూర్ రామమందిరానికి తీసుకొచ్చాడు. పులిహోర గరిటె ఒక్కొక్కరి చేతికీ ఇవ్వడం, ఫోటో తియ్యడం, గరిటె లాక్కుని పక్కవాళ్లకివ్వడం. పంక్తిలో ఒక ముసలాయన ఖాళీ విస్తరి ముందు తల ఎత్తి చూస్తూనే ఉన్నాడు. చివరికి నేనే వెళ్లి వడ్డించాను. నా ఫోటో ఎవరూ తియ్యలేదు లెండి.

సత్యసాయి సంస్థ ట్యూషన్ ఫీజు తీసుకోదు. ఏ కులమైనా, ఏ మతమైనా చేర్చుకుంటుంది. ప్రవేశ పరీక్ష పెట్టి, ఆ తర్వాత ఇంటర్వ్యూ చేస్తుంది. ముందు పరీక్ష గట్టెక్కాలి కదా! పేరులోనే హిందూ అని ఉన్న కాశీ విశ్వవిద్యాలయం కూడా 2022 నుంచి డిగ్రీ సీట్లు సీయూఈటీ ప్రవేశ పరీక్ష మార్కులతోనే ఇస్తోంది. అంతెందుకు, మా జంషెడ్‌పూర్‌లోనే జెస్యూట్ ఫాదర్లు 1949లో పెట్టిన ఎక్సెలారై మేనేజ్‌మెంట్ కాలేజీ ఉంది. దాని కోసం తంటాలు పడేవాళ్లు లెక్కలు తిరగేస్తారు గానీ, చర్చిలో మోకరిల్లి ఫోటోలు దిగరు.

ఇంకో మాట. కావలసిన పత్రాలకు 'దగ్గరి మీసేవకు వెళ్లండి' అని రాశారు. మా బర్మామైన్స్‌లో మీసేవ ఎక్కడుందండీ? మాకున్నది ప్రజ్ఞా కేంద్రం. 'ఇంటర్ బోర్డు మెమో' అన్నారు, మా పిల్లలకు ఝార్ఖండ్ జాక్ బోర్డో, సీబీఎస్ఈయో. టాటా కంపెనీ పనికని తాతల నాడు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లం, ఇప్పటికీ తెలుగు పేపరు కొని చదువుతున్నాం. చందా తీసుకునేటప్పుడు గుర్తున్న మేము వ్యాసం రాసేటప్పుడు గుర్తుకు రామా?

పిల్ల చేత ఆ ట్రైనింగ్ మాన్పించాను. సాయంత్రాలు ఫిజిక్స్, ఇంగ్లీషు చదువుతోంది. గుడిలో వడ్డన చిన్నప్పటి నుంచీ చేస్తున్నదే, దానికి సర్టిఫికెట్ అక్కర్లేదు.

వచ్చే ఆదివారం అనంతపురం సంగతి సరిదిద్దండి. బయటి రాష్ట్రాల పిల్లలు ఏ పత్రాలు పెట్టాలో కనుక్కుని వెయ్యండి. ఆ ఫోటోల సలహా మాత్రం వెనక్కి తీసుకోండి.

— ఒక రిటైర్డ్ టాటా ఉద్యోగి, బర్మామైన్స్, జంషెడ్‌పూర్