బంగారాన్ని నీళ్ళలో ముంచుతారటండీ!

మన ఇళ్ళల్లో బంగారానికి ఒక మర్యాద ఉంది. పెళ్ళికో పేరంటానికో బీరువాలోంచి తీస్తాం. ఇంటికి రాగానే మెత్తటి గుడ్డతో తుడిచి మళ్ళీ డబ్బాలో పెట్టేస్తాం. గిన్నెలు తోమేటప్పుడు ఉంగరం తీసి కిటికీ గట్టు మీద పెట్టడం, ఆనక ఇల్లంతా వెతుక్కోవడం మీకూ అనుభవమే కదూ! అలాంటిది ఈతకనీ, సముద్రంలో మునగడానికనీ, కారు పందేలకనీ బంగారంతో వాచీలు చేస్తారని, వాటికి లక్షలకు లక్షలు పోస్తారని వింటే నాకు మొదట నవ్వొచ్చింది. మా అమ్మాయి అలాంటిది తనకి కావాలనేసరికి ఆ నవ్వు కాస్తా ఆగిపోయిందనుకోండి.

కొత్తది కాదట. ఎవరో వాడి అమ్మినదే. అయినా ధర వింటే గుండె గుభేలుమంది. "అమ్మా, నా కోసం చేయించిన గాజులున్నాయిగా! అవి ఇచ్చేస్తే చాలావరకు సరిపోతుంది, మిగిలింది నా జీతంలోంచి పెట్టుకుంటాను" అంది చల్లగా. ఆరు గాజులవి. చీటీలు కట్టి, ఒక్కో జతా చేయించుకుంటూ వచ్చేసరికి నాకు తొమ్మిదేళ్ళు పట్టింది. రెండు రోజులు దాంతో సరిగ్గా మాట్లాడలేదు. మూడోనాడు, అసలా వాచీలో ఏముందో చూద్దామని కూర్చున్నాను.

చదువుతుంటే నన్ను కట్టిపడేసింది ఒక ఆడమనిషి కథ. పేరు మెర్సిడెస్ గ్లైట్జ్. లండన్‌లో టైపిస్టు. 1927 అక్టోబరు 7న ఫ్రాన్సు నుంచి ఇంగ్లండుకి, మధ్యనున్న ఇంగ్లీషు చానెల్‌ని పదిహేను గంటలకు పైగా ఈది దాటింది. అలా దాటిన మొదటి బ్రిటిష్ మహిళ ఆమే. ఇంతలో ఇంకొకావిడ తానూ దాటానని అబద్ధం చెప్పడంతో, జనం ఈమెనీ అనుమానించారు. చూశారా, ఒకరు చేసిన తప్పుకి ఇంకొకరు రుజువు చూపించుకోవాల్సి వచ్చింది! అక్టోబరు 21న మళ్ళీ నీళ్ళలోకి దిగింది. అప్పుడు రోలెక్స్ వాళ్ళిచ్చిన చిన్న బంగారు వాచీ ఆమె మెడలో ఉంది. చలికి ఒళ్ళు కొంకర్లు పోతున్నా పది గంటలకు పైగా ఈదింది. ఆ రోజు అవతలి ఒడ్డు చేరలేకపోయింది, పడవలోకి లాగేశారు. వాచీ మాత్రం ఆగకుండా నడుస్తూనే ఉంది. నెల దాటిన కొద్ది రోజులకే కంపెనీ వాళ్ళు డెయిలీ మెయిల్ పత్రిక మొదటి పేజీ అంతా ఆ సంగతే ప్రకటనగా వేయించారు. కష్టం ఆమెది, పేరు వాచీది!

ఆ వాచీకి ఆల్చిప్ప అని అర్థం వచ్చే ఆయిస్టర్ అన్న పేరు పెట్టారు. అందులోని కిటుకు మనకి తెలియనిదేం కాదు. మన అమ్మమ్మల మరచెంబు గుర్తుందా? మూత మర బిగిస్తే రైల్లో ఎంత కుదిపినా చుక్క నీరు ఒలికేది కాదు. ఇదీ అంతే. వెనక మూత, కీ ఇచ్చే పుల్ల, రెండూ మరతో బిగుసుకుంటాయి. లోపల రబ్బరు చుట్లుంటాయి. మన కుక్కరు గాస్కెట్‌లాగే అవీ కాలం గడిచే కొద్దీ గట్టిపడతాయి, మార్పించుకోవాలి. (ఇంట్లో ఏ వాటర్‌ప్రూఫ్ వాచీ ఉన్నా పుల్ల బయటికి లాగి ఉండగా నీళ్ళ దగ్గరకి వెళ్ళకండి. వేణ్ణీళ్ళ స్నానం కూడా వాటికి మంచిది కాదు.)

ఇక బంగారం సంగతి. మన నగలు 22 క్యారెట్లు, అదే 916. ఖరీదైన బంగారు వాచీలు సాధారణంగా 18 క్యారెట్లు, అంటే వెయ్యి పాళ్ళలో 750 బంగారం, మిగతాది రాగీ వెండీ వగైరా. రాగి పాలు పెరిగితే గులాబి రంగు తిరుగుతుంది. మేలిమి మెత్తన కాబట్టి, దెబ్బలకి ఓర్చుకోవాలంటే ఈ కలుపు తప్పదు. కానీ అమ్మబోతే? కంసాలి తూచేది బంగారాన్నే. అద్దానికీ, లోపలి మిషనుకీ, పేరుకీ ఆయన తక్కెట్లో చోటుండదు. మనం పెట్టే ధరలో పెద్ద వాటా మాత్రం ఆ పనితనానికీ పేరుకేనాయె. పేరు మాటకొస్తే, హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ కారు పందేల్లో పాల్గొనేవాడు. జాగ్రత్తగా నడపమని వెనక చెక్కించి భార్య జోన్ ఉడ్‌వర్డ్ ఆయనకొక రోలెక్స్ ఇచ్చింది. 2017లో న్యూయార్కు వేలంలో అది కోటీ డెబ్బై ఏడు లక్షల డాలర్లు దాటి పలికింది. అది బంగారం కూడా కాదండీ, ఉత్త స్టీలు!

ఇవన్నీ అప్పజెప్పి అమ్మాయి నోరు మూయించొచ్చనుకున్నాను. అది నవ్వి నన్ను షాపుకి తీసుకెళ్ళింది. వద్దంటున్నా షాపు కుర్రాడు నా చేతికే పెట్టాడు. ఏం చెప్పను! ఆ బరువు, ఆ చల్లదనం, చేయి తిప్పితే వచ్చే ఆ పసుపు మెరుపు. స్టీలుకి ఎంత మెరుగు పెట్టినా అది రాదు. "ఎప్పుడు పెట్టుకుంటావే?" అన్నాను. "రోజూ. ఆఫీసుకీ, ఈతకీ, వర్షంలో బండి మీదా." "మరి గాజులు?" "పెళ్ళికొకసారి. నువ్వు బతిమాలితే ఇంకోసారి."

నా చేయి అప్రయత్నంగా మెడలోని పుస్తెల మీదికి వెళ్ళింది. స్నానానికి తీయను, పొయ్యి దగ్గర తీయను, నిద్రలోనూ తీయను. పసుపూ చెమటా పట్టి అరిగింది కూడా. బీరువాలో ఉన్నవన్నీ ఒకెత్తు, ఇదొక్కటీ ఒకెత్తు. దాచుకునే బంగారం వేరు, మనతోపాటు కష్టపడే బంగారం వేరు. పిల్ల అడుగుతున్నది ఈ రెండో రకమేనని అప్పుడు తోచింది.

అలాగని గాజులిస్తానా? ఇవ్వలేదు. రేపు ఉద్యోగంలో ఏ ఇబ్బంది వచ్చినా ఆ గాజులు గంటలో డబ్బవుతాయి. వాచీ కొనేవాడు దొరకాలి, పెట్టె ఏదీ కాగితమేదీ అంటాడు. ఆ మాటే చెబితే అమ్మాయి కాసేపు ఆలోచించి, జీతంలోంచే కూడబెట్టుకుంటానంది. వచ్చే నెల మొదలయ్యే చీటీలో దాని పేరు కూడా రాయించాను. ఆ లెక్కన వాచీ రావడానికి ఏళ్ళే పడుతుంది. ఈలోగా దాని మనసు మారిందా, నాలుగో జత గాజులకి ఏ డిజైనో నేనిప్పుడే చూసి ఉంచాను. దానికి మాత్రం చెప్పకండేం!