ఇది సేవ కాదు, ఉద్యోగం

డిగ్రీ అయ్యాక పర్యావరణం మీద పనిచేస్తానంటే ఇంట్లో "అదేం ఉద్యోగం?" అన్నారు. చేరిన సంస్థలో "ఉద్యోగం కాదమ్మా, సేవ" అన్నారు. జీతం మాట రెండుచోట్లా లేదు.

అసలు ఈ పనేమిటి? 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. ఫ్యాక్టరీ నివేదిక సారాంశం తెలుగులో ఇస్తారు. ఎన్ని నీళ్ళు తోడతారో, మురుగు ఎక్కడికి వదులుతారో వివరంగా ఉండే అసలు నివేదిక మాత్రం సాధారణంగా ఇంగ్లీషులో, వందల పేజీల్లో ఉంటుంది. ఆ 30 రోజుల్లో అది చదవాలి. నీళ్ళు మోసే ఆడవాళ్ళతో కూర్చుని అర్థమయ్యేట్టు చెప్పాలి. సభలో వాళ్ళే లేచి అడిగేట్టు, అడిగింది నమోదయ్యేట్టు, చివర దాన్ని తెలుగులో వినిపించేట్టు పట్టుబట్టాలి. (సభకు కోరం అవసరం లేదని కూడా ఆ నోటిఫికేషనే చెబుతోంది!)

దీన్ని సేవ అంటే, తండ్రి డబ్బు పంపగలిగిన అమ్మాయిలే మిగులుతారు. నాతో చేరిన కూలి ఇంటి పిల్ల ఆరు నెలలకే మెడికల్ షాపులో పనికి కుదిరింది. ఫ్యాక్టరీ మురుగు పారేది ఆమె ఊరి వాగులోనే.

ఇంటిచాకిరీకి విలువ కట్టమంటున్న మనం, మన సంస్థల్లో ఈ పిల్లల పనికి ఎంత కడుతున్నాం? వచ్చే ఏడాది బడ్జెట్ కాగితం అందరి ముందూ పెడదాం.