చుట్టకో తూకం, సీసాకో తూకం

పుదుచ్చేరిలో సాయంత్రం పూట బజారు వీధుల్లో నడిచేవాడు మద్యం దుకాణం ఎక్కడుందని ఎవర్నీ అడగక్కర్లేదు. నిలువెత్తు బోర్డు, పెళ్లిపందిరికి పెట్టినన్ని లైట్లు, అద్దాల వెనక వరసలు తీరిన సీసాలు. చెన్నై నుంచి, బెంగళూరు నుంచి కార్లేసుకుని వచ్చే కుర్రాళ్లు కుటుంబ ఫోటోలు తీసుకునే ధైర్యంతోనే అక్కడా ఫోటోలు దిగుతారు. చుట్ట కావాలంటే మాత్రం వెతుక్కోవాలి. ఏ సందు మొగనో ఒక బడ్డీ కొట్టు, అందులో మూత వదులైన గాజు జాడీ, జాడీలో నాలుగైదు చుట్టలు, కొట్టు గుంజకు వేలాడే కొబ్బరి తాడు, తాడు కొసన రాజుకుంటున్న నిప్పు. వెలిగించుకున్న ముసలాయన గోడ వైపు తిరిగి తాగుతాడు. దారిన పోయేవాళ్లు ముక్కు మూసుకుంటారు.

మర్యాదలో ఇంత తేడా ఉంది కదా, ప్రమాదంలోనూ అంతే తేడా ఉందా? పైపు తాగేవాళ్లు మన ఊళ్లలో ఎప్పుడూ తక్కువే. తెలుగువాడి పైపు చుట్టే. రెంటిదీ ఒకటే పద్ధతి. పొగను గుండెల నిండా పీల్చరు, నోట్లో తిప్పి వదిలేస్తారు. అందుకే రెంటికీ ఒకటే సమర్థన కూడా.

యానాం నుంచి వచ్చి, ఇక్కడే ఉద్యోగం చేసి, రిటైరై ఇక్కడే ఉండిపోయిన బావాబావమరుదులు ఇద్దరు నాకు తెలుసు. పెద్దాయనకి గోదావరి లంక పొగాకు చుట్ట లేనిదే తెల్లారదు. చిన్నాయనకి బ్రాందీ లేనిదే పొద్దు గూకదు.

"నేను పొగ మింగను బామ్మర్దీ, నోట్లోనే ఆపేస్తాను. నువ్వు పుచ్చుకునేదంతా కడుపులోకే పోతుంది," అంటాడు పెద్దాయన.

"నాది లెక్క ప్రకారం బావా. క్వార్టర్ దాటను. మితంగా తాగితే గుండెకి మంచిదని డాక్టర్లే రాశారు. మీ చుట్టకి ఆ మాట ఎవడైనా అన్నాడా?"

ఇద్దరికీ చెరో సగం సైన్సు తెలుసు. ఆ రెండో సగమే ఇక్కడ చెప్పాల్సింది.

ముందు చుట్ట పక్షం. పెద్దాయన చెప్పింది ఒట్టి బుకాయింపు కాదు. 1964లో అమెరికా సర్జన్ జనరల్ పొగాకు మీద ఇచ్చిన ప్రసిద్ధ నివేదికే పైపు తాగేవాళ్ల మరణాల రేటు అసలు తాగని వాళ్ల కంటే పెద్దగా ఎక్కువ లేదని రాసింది. పైపు కంపెనీలకి అంతకంటే ఏం కావాలి? అయితే అదే నివేదిక పైపుకీ పెదవి కేన్సర్‌కీ కార్యకారణ సంబంధం ఉందని కూడా తేల్చింది. ఆ వాక్యం ఎవరికీ గుర్తులేదు. పొగ తక్కువగా పీల్చడానికి కారణం రసాయనంలో ఉంది. పైపు, చుట్ట పొగకు క్షారగుణం ఎక్కువ. అందులోని నికోటిన్ నోటి పొర గుండానే రక్తంలోకి దిగుతుంది. సిగరెట్ పొగ ఆమ్ల గుణం కలది, దాని నికోటిన్ ఒంటికి పట్టాలంటే ఊపిరితిత్తుల దాకా పోవాలి. చుట్ట మనిషికి ఆ అవసరం లేదు. ఊపిరితిత్తులు కొంత తప్పించుకుంటాయి, ఆ భారమంతా నోటి మీదా గొంతు మీదా పడుతుంది.

తర్వాతి లెక్కలు ఇంకాస్త కటువుగా వచ్చాయి. అమెరికాలో 1,38,000 మందికి పైగా మగవాళ్లను 1982 నుంచి 18 ఏళ్ల పాటు గమనించి 2004లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. అందులో జీవితంలో ఎన్నడూ సిగరెట్ ముట్టకుండా ఒట్టి పైపే తాగినవాళ్లను విడిగా చూశారు. ఏ పొగా ఎరగని వాళ్లతో పోలిస్తే వీళ్లలో ఊపిరితిత్తుల కేన్సర్ మరణాలు అయిదు రెట్లు, స్వరపేటిక కేన్సర్ మరణాలు పదమూడు రెట్లు ఉన్నాయి. గుండె జబ్బు, పక్షవాతం కూడా ఎక్కువే. సిగరెట్ తాగేవాళ్ల అంకెలు దీనికంటే భయంకరం, నిజమే. అంతమాత్రాన పైపును నిర్దోషి అనలేం. సిగరెట్ మానేసి చుట్టకో పైపుకో మారినవాళ్ల సంగతి మరీ పాడు. పీల్చే అలవాటు పోదు కాబట్టి వాళ్లు ఆ ఘాటు పొగనీ లోపలికే లాగుతారు.

మనవాళ్ల చుట్ట ప్రపంచ వైద్య సాహిత్యంలోకి ఎక్కిన సందర్భం ఒకటుంది. శ్రీకాకుళం, విశాఖ తీర గ్రామాల్లో ఆడవాళ్లు అడ్డపొగ తాగుతారు, అంటే వెలిగిన కొస నోట్లో పెట్టుకుని. సముద్రపు గాలికి నిప్పు ఆరదనీ, చేతులు పనిలో ఉన్నా బూడిద రాలదనీ చెప్తారు. జె.జె. పిండ్‌బోర్గ్, ఫాలీ మెహతా తదితరులు శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామీణుల నోళ్లు పరీక్షించి 1971లో ఫలితాలు ప్రచురించారు. అందులో నూటికి 43 మందికి పైగా అడ్డపొగ తాగేవాళ్లే. మిగతా చోట్ల అరుదుగా కనిపించే అంగిలి కేన్సర్ అక్కడ కనిపించడానికి కారణం ఆ నిప్పూ ఆ పొగా కలిసి అంగిలిని నేరుగా తాకడమే. నోట్లోనే ఆపేస్తాననే వాదానికి ఇంతకన్నా గట్టి జవాబు లేదు.

ఇక సీసా పక్షం. చిన్నాయన క్వార్టర్‌ని లెక్క కడదాం. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. మన దేశంలో అమ్మే బ్రాందీ, విస్కీలలో మద్యసారం 42.8 శాతం. అంటే సుమారు 77 మిల్లీలీటర్లు, బరువులో 60 గ్రాముల పైన. వైద్యులు ఒక డ్రింకు అంటే పది గ్రాములని లెక్కేస్తారు. ఆయన మితం రోజుకు ఆరు డ్రింకులు! 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు ఒకటి తాగి "బీరే కదా" అనుకునేవాడు నాలుగు పుచ్చుకున్నట్టు. మితం మీద పరిశోధన చేసిన ఏ డాక్టరూ ఈ కొలతని దృష్టిలో పెట్టుకుని రాయలేదు.

అయినా ఆ డాక్టర్లు రాసింది అబద్ధమా? ఇది కొంచెం నిదానంగా చూడాల్సిన సంగతి. సిగరెట్‌కీ ఊపిరితిత్తుల కేన్సర్‌కీ సంబంధాన్ని తిరుగులేకుండా చూపించిన రిచర్డ్ డాల్, 1951లో మొదలుపెట్టిన బ్రిటిష్ డాక్టర్ల అధ్యయనాన్ని యాభై ఏళ్లు నడిపాడు. సిగరెట్ మానకుండా తాగినవాళ్లు సగటున పదేళ్ల ఆయుష్షు పోగొట్టుకుంటారని 2004లో తేల్చింది ఆయన బృందమే. ఆ డాక్టర్లలోనే తాగుడు లెక్కలు తీసి, కొద్దిగా తాగేవాళ్లు అసలు తాగనివాళ్ల కంటే కాస్త ఎక్కువ బతికారని 1994లో రాసిందీ ఆయన బృందమే. మనిషి నమ్మదగినవాడు, లెక్క నిజాయితీ అయినది. కానీ ఈ రకం అధ్యయనాలన్నిటికీ ఒక చిక్కుంది. తాగనివాళ్ల గుంపులో ఎవరున్నారు? ఒంట్లో బాగోక మానేసినవాళ్లు, కాలేయం చెడి మానేసినవాళ్లు కూడా అందులోకే వచ్చి పడతారు. వాళ్లను పక్కన పెట్టి చూస్తే మితపు తాగుడు లాభం చాలావరకు కరిగిపోతోందని తర్వాతి పరిశీలకులు చూపించారు. 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్యానికి క్షేమమైన తాగుడు మోతాదు అంటూ ఏదీ లేదని చెప్పేసింది. మద్యం కేన్సర్ కారకమని అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే మొదటి వర్గంలో చేర్చింది. పొగాకు పొగ అంతకు రెండేళ్ల ముందే అక్కడ కూర్చుని ఉంది. రెండూ ఒకే బల్ల మీదివే.

మరి తేడా లేదా అంటే, ఉంది. రోజూ తాగేవాడి సొంత ఒంటికి జరిగే నష్టం చూస్తే పొగాకుదే పైచేయి అని నా అంచనా. ప్రపంచం మొత్తం మీద పొగాకు ఏటా 70 లక్షల మందికి పైగా ప్రాణాలు తీస్తుంటే, 2019లో మద్యం తీసినవి 26 లక్షలు. అలవాటు పట్టులోనూ పొగాకే ముందుంటుంది. సిగరెట్ రుచి చూసినవాళ్లలో మూడింట రెండొంతుల మంది కనీసం కొంతకాలమైనా రోజూ తాగేవాళ్లవుతారు. మందు రుచి చూసినవాళ్లు అంతమంది దానికి బానిసలు కారు.

పక్కవాడి వైపు నుంచి చూస్తే త్రాసు రెండో వైపుకి మొగ్గుతుంది. ఆ 26 లక్షల మరణాల్లో 7 లక్షలకు పైగా రోడ్డు ప్రమాదాలు, కొట్లాటలు, ఆత్మహత్యలు, ఇతర గాయాల వల్లే జరిగాయి. 2010లో డేవిడ్ నట్ బృందం బ్రిటన్‌లో మత్తు పదార్థాలు వాడేవాడికి చేసే హాని, ఇతరులకు చేసే హాని రెండూ కలిపి మార్కులు వేస్తే మద్యానికి వందకు 72 వచ్చాయి, హెరాయిన్‌కి 55, పొగాకుకి 26. అవి నిపుణులు కూర్చుని వేసిన మార్కులే తప్ప కొలిచి తేల్చినవి కావని విమర్శ ఉంది, అది న్యాయమే. కానీ ఆ వరస చూసి నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు ఆశ్చర్యపోరు. 1992లో రోశమ్మ లాంటి వాళ్లు సారా దుకాణం మీదికి వెళ్లారు, చుట్ట అంగడి మీదికి ఎవరూ వెళ్లలేదు. చుట్ట తాగి వచ్చి పెళ్లాన్ని కొట్టినవాడి గురించి ఎవరూ వినలేదు కాబట్టి. ఆ కదలికే పెరిగి 1995లో ఆంధ్రప్రదేశ్ అంతటా మద్య నిషేధం వచ్చింది, 1997లో పోయింది. ఆ రెండేళ్లూ పుదుచ్చేరి ప్రభుత్వం కింద ఉన్న యానాం ఏ జాతర చేసుకుందో గోదావరి జిల్లాల వాళ్లని అడిగితే నవ్వుతూ చెప్తారు.

మద్యానికి మాత్రమే ఉన్న దోషం మరొకటుంది. పొగాకు పదేళ్లో ముప్ఫయ్యేళ్లో తీసుకుంటుంది, మందు ఒక్క రాత్రిలో పని ముగించగలదు. 2023 మేలో పుదుచ్చేరికి దగ్గర్లోని మరక్కాణం ప్రాంతంలో, 2024 జూన్‌లో కళ్లకురిచ్చిలో మిథనాల్ కలిసిన సారా తాగి జనం పోయారు. కళ్లకురిచ్చిలోనే 60 మందికి పైగా. బాధితుల్లో కొందర్ని ఇక్కడి జిప్‌మర్ ఆసుపత్రికి తెచ్చారు. మిథనాల్ ఒంట్లో ఫార్మిక్ ఆమ్లంగా మారి ముందు కళ్లు తీస్తుంది, తర్వాత ప్రాణం. దానికి విరుగుడుగా వాడే మందుల్లో మంచి మద్యసారం కూడా ఒకటి కావడం వైద్యం చేసే విచిత్రం. మానడంలోనూ ఇదే తేడా. చుట్ట ఒక్కరోజులో మానేసినవాడు చిరాకుపడతాడు, నిద్రపట్టక దొర్లుతాడు, అంతే. ఏళ్లుగా రోజూ బాగా తాగే మనిషి ఉన్నట్టుండి ఆపేస్తే వణుకు, మూర్ఛ, మతి భ్రమ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. తిరుపతి వెళ్లొచ్చి రేపట్నుంచి ముట్టనని ఒట్టేసుకునే మొగుణ్ని చూసి సంతోషించే ఇల్లాలు ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం మంచిది.

బావాబావమరుదులు ఇద్దరూ తలా ఒకటి పట్టుకుని వాదించుకుంటున్నారు గానీ, ఊళ్లో చాలామంది విషయంలో ఆ వాదనే కుదరదు. బార్‌లో గ్లాసు పట్టుకున్న చేతిలోనే సిగరెట్ ఉంటుంది. మద్యం నోటి పొరని పలచబరిచి పొగాకు విషాలకు దారి ఇస్తుంది, అది తనంతట తానూ అసిటాల్డిహైడ్‌గా మారి అక్కడే కూర్చుంటుంది. 1988లో అమెరికాలో వచ్చిన అధ్యయనం ప్రకారం రెండూ బాగా వాడేవాళ్లకి నోరు, గొంతు కేన్సర్ ముప్పు రెండూ లేనివాళ్ల కంటే 35 రెట్లకు పైమాట. ఒక్కొక్కదాని ముప్పునీ కూడితే రాదు ఆ అంకె, హెచ్చవేస్తే వస్తుంది.

మర్యాదలో తేడా ఎక్కణ్నుంచి వచ్చిందో చూస్తే, వైద్యం కంటే ఖజానాయే ఎక్కువ కనిపిస్తుంది. మద్యం ఇప్పటికీ జీఎస్టీ బయటే ఉంది. దాని మీద పన్ను పుదుచ్చేరి సొంతం, ఇంత చిన్న ప్రాంతానికి అది ప్రధానమైన ఆదాయాల్లో ఒకటి. పొగాకు పన్నులో పెద్ద చెయ్యి ఢిల్లీది. హెచ్చరికలూ అలాగే ఉన్నాయి. సిగరెట్ పెట్టె మీద 85 శాతం చోటు బొమ్మతో కూడిన హెచ్చరికకి పోతుంది. పెద్ద మద్యం సీసా మీద హెచ్చరిక అక్షరం మూడు మిల్లీమీటర్ల ఎత్తుంటే చాలు, చిన్నవాటికి అందులో సగం. జాడీలోంచి విడిగా తీసిచ్చే చుట్ట మీద బొమ్మా లేదు, అక్షరమూ లేదు. కేన్సర్ ఎవరికి ఎక్కడ వస్తుందో తెలిసినవాడు ఈ ఏర్పాటు చెయ్యడు. సీసా మీద కాలేయం బొమ్మ ఎందుకు ఉండకూడదో నాకు అర్థం కాదు. చుట్టని కాగితం చుట్టకుండా అమ్మడం ఇంకా ఎందుకు సాగుతోందో అదీ అర్థం కాదు.

ఈలోగా బావాబావమరుదులు ఇద్దరూ చెయ్యగలిగిన చిన్న పని ఒకటుంది. ఆసుపత్రిలో డాక్టరు "సిగరెట్ తాగుతారా?" అని అడిగితే పెద్దాయన లేదంటాడు, అది నిజమే. "మందు అలవాటుందా?" అంటే చిన్నాయన "ఎప్పుడైనా కొంచెం" అంటాడు, అదీ ఆయన దృష్టిలో నిజమే. ఒకాయన రోజుకు ఎన్ని చుట్టలో, రెండో ఆయన ఎన్ని మిల్లీలీటర్లో చెప్పి, నోరు తెరిచి అంగిలి చూపించి, కాలేయం పరీక్ష రాయించుకుని రావాలి. నోట్లో తెల్లమచ్చ మూడు వారాలైనా తగ్గకపోతే ఎవరు గెలిచారో తేల్చుకోవడానికి కూర్చోకుండా నేరుగా జిప్‌మర్ ఉన్న గోరిమేడు బస్సెక్కాలి.