పోయినవారి పేరిట

ఏటా సెప్టెంబరు 11 ఉదయం 8.46కి న్యూయార్క్‌లో గంట మోగుతుంది. 2001లో తొలి విమానం వరల్డ్ ట్రేడ్ సెంటర్ ఉత్తర టవరును ఢీకొన్న సమయమది. ఆనాటి దాడులకు బలైన 2,977 మంది పేర్లనూ అయినవాళ్లే గంటల తరబడి చదువుతారు. తాతనో మేనమామనో కళ్లారా చూడని పిల్లలు కూడా ఇప్పుడు ఆ వేదిక ఎక్కుతున్నారు.

ఆ పేర్లలో గ్లెన్ వినుక్ ఒకడు. వృత్తికి న్యాయవాది, ఊళ్లో స్వచ్ఛంద అగ్నిమాపక దళ సభ్యుడు. ఆఫీసు ఆ టవర్లకు దగ్గర్లోనే. తోటివాళ్లను బయటికి పంపించాక తానూ ఇంటి దారి పట్టొచ్చు, ఎవరూ తప్పుపట్టరు. అతను దక్షిణ టవరు వైపు పరుగెత్తాడు. 9.59కి అది కూలింది. తమ్ముడో అన్నో అలా పోతే ఏ ఇల్లయినా కుంగిపోతుంది. సోదరుడు జే వినుక్ మాత్రం మిత్రుడు డేవిడ్ పెయిన్‌తో కలిసి, ఆ రోజున ప్రతి ఒక్కరూ ఇంకొకరికి ఒక మేలు చేయాలంటూ ఏళ్ల తరబడి తిరిగాడు. 2009లో అమెరికా చట్టం ఆ తేదీని జాతీయ సేవా, సంస్మరణ దినంగా గుర్తించింది. నేడు నగరనగరాన వాలంటీర్లు బారులు తీరి ఆకలిగొన్నవారికి భోజనం పొట్లాలు కడుతున్నారు.

ఇది చిన్న విషయం కాదు. దుఃఖానికి దారి చూపకపోతే పగగా మారుతుంది. దాడి జరిగిన నాలుగు రోజులకే ఆరిజోనాలోని మెసాలో, తన పెట్రోలు బంకు ముందున్న బల్బీర్ సింగ్ సోధీని తలపాగా చూసి కాల్చి చంపారు. ఆ దాడులతో ఆయనకు ఏ సంబంధమూ లేదు. సంస్మరణలో ఆయనకూ చోటుండాలి.

పెద్దల తిథినాడు నలుగురికి అన్నం పెట్టిగానీ తాము ముద్ద ముట్టని ఇళ్లు మనవి. పోయినవారి పేరిట బతికున్నవారి కడుపు నింపడం మనకు కొత్తగా నేర్పాల్సిన పని కాదు. న్యూజెర్సీలో, టెక్సాస్‌లో, కాలిఫోర్నియాలో స్థిరపడిన మన కుటుంబాల పిల్లల్లో చాలామంది 2001 తర్వాత పుట్టినవారే. వారికి ఆ రోజు పాఠ్యపుస్తకంలో ఒక పేజీ. ఈసారి సెప్టెంబరు 11న వారిని వెంటబెట్టుకుని దగ్గర్లోని ఫుడ్ బ్యాంకుకు వెళ్లండి. ఒక పూట వాళ్ల చేతులతో పొట్లాలు కట్టించండి.